అరచేత్తో వినే పాట

జులై 22న ఆజీ ఆస్బోర్న్ ఇంతెఖాల్ అయ్యాడన్న వార్త చూసి రాత్రి నా స్టేటస్‌లో ఆయన ఫొటో పెట్టాను. ఫజర్ చదువుకుని ఫోను చూస్తే మా ఖాందాన్ గ్రూపులో పంచాయితీ నడుస్తా ఉంది. దూలాభాయ్ వాయిస్ మెసేజ్ ఒక్కటే నిమిషంన్నర. "మియా, నమాజ్ చదివేవాడివి, పేపర్లో రాసేవాడివి. గబ్బిలం తల కొరికినోని కోసం నీకు అఫ్సోస్ ఏందప్పా? నువ్వు విన్నావు, సరే. బిడ్డకు కూడా ఆ షైతానీ గోల అలవాటు చేసినావు. రేపు రిష్తాలు వచ్చే టయానికి ఆ నల్ల బనీన్లు, ఆ గిటార్లు చూసి జనం ఏమనుకుంటారు?"

గబ్బిలం సంగతి నిజమే. 1982లో అమెరికాలో ఒక స్టేజీ మీదికి ఎవరో విసిరితే రబ్బరు బొమ్మ అనుకుని కొరికానని ఆయనే చెప్పుకున్నాడు. తర్వాత ఆసుపత్రికి పోయి సూదులు వేయించుకున్నాడు. ఆ పనికి నేను వకాలత్ పుచ్చుకోను. మా బిడ్డ ఇంటర్ రెండో సంవత్సరం. గిటార్ ఇంకా కొనలేదు, అడిగింది అంతే. కానీ బిడ్డ పేరు వచ్చింది కాబట్టి, వాయిస్ మెసేజ్‌లో పట్టని జవాబు ఇక్కడ రాస్తున్నా. మ్యూసికీ జాయెజా నాజాయెజా అనే బహస్ నాది కాదు. ఉలమాల్లోనే ఇఖ్తిలాఫ్ ఉంది, నేను ముఫ్తీని కాను. ముప్పై ఏళ్ళకు దగ్గరగా ఈ సంగీతం వింటున్నవాడిగా ఏది విన్నాను, ఎందుకు విన్నాను, ఏది పక్కన పెట్టాను, అంతే.

ముందు బర్మింగ్‌హామ్. బ్లాక్ సబ్బత్ బ్యాండు నలుగురూ అక్కడి ఆస్టన్ అనే మజ్దూర్ల పేట పిల్లలు. ఆజీ కబేళాలో పని చేశాడు, కార్ల హారన్లు మోగించి సరిచూసే ఫ్యాక్టరీలో పని చేశాడు. గిటార్ వాయించే టోనీ అయోమీ ఇనుప రేకుల కార్ఖానాలో ఉండేవాడు. పదిహేడేళ్ళు. ఆ పని మానేసి బ్యాండుతో పోదామనుకున్న ఆఖరి రోజునే ప్రెస్సు మిషన్ కింద కుడిచేతి నడిమివేలు, ఉంగరపువేలు కొసలు తెగిపోయాయి. ఆయనది ఎడమచేతి వాటం, అంటే తీగలు నొక్కిపట్టాల్సిన చెయ్యే పోయింది. ఇక గిటార్ ఖతం అనుకుంటున్న టైములో ఆ కార్ఖానా పెద్దమనిషే జాంగో రైన్‌హార్ట్ రికార్డు తెచ్చి వినిపించాడు. నిప్పులో చెయ్యి కాలి, రెండు వేళ్ళతోనే గిటార్ వాయించిన ఉస్తాద్ ఆయన. అయోమీ ప్లాస్టిక్ సీసా కరిగించి వేళ్ళకు టోపీలు చేసుకున్నాడు. పైన తోలు ముక్క అంటించాడు. మామూలు తీగలు నొక్కలేక సన్నవి వేసుకున్నాడు. 1971లో మాస్టర్ ఆఫ్ రియాలిటీ ఆల్బమ్‌కి వచ్చేసరికి తీగలు వదులు చేసి శ్రుతి బాగా దించేశాడు. వదులు తీగ మోత కిందికి దిగుతుంది, బరువెక్కుతుంది. లోకం హెవీ మెటల్ అంటున్న దాంట్లో ఆ హెవీ సగం ఆ రెండు వేళ్ళ నుంచే వచ్చిందని నా నమ్మకం.

ఇప్పుడు మన ఊరు. బయటివాళ్ళకు బనగానపల్లె అంటే మామిడిపండు. మాకు మాత్రం నాపరాయి. పలుకూరు వైపు గనులు, ఇటు బేతంచెర్ల దాకా కటింగ్ ఫ్యాక్టరీలు, పాలిష్ ఫ్యాక్టరీలు. బండ మీద నీళ్ళు పడతా ఉంటే పళ్ళ చక్రం దిగుతుంది. ఆ చప్పుడు రెండు వీధుల అవతలికి వినపడుతుంది. పక్కన నిలబడితే పళ్ళు జివ్వుమంటాయి. మా అబ్బా ఆ చక్రం పక్కన ఇరవై ఆరేళ్ళు నిలబడినాడు. చెవుల్లో దూది పెట్టుకునేవాడు, అంతకుమించి ఏమీ లేదు. మా వీధిలో రెండు వేళ్ళు పోగొట్టుకున్న చాచా ఒకరు తర్వాత టీ అంగడి పెట్టుకున్నాడు. మూడు వేళ్ళతో గ్లాసు పట్టుకుని చాయ్ తిరగబోయడం చూడ్డానికే మేం పిల్లలం పోయేవాళ్ళం.

మిషన్ చప్పుడుతో పోయే చెవుడు ఒక్కసారిగా రాదు. ముందు సన్నటి శబ్దాలు పోతాయి. స, ష, ఫ లాంటివి. ఆడవాళ్ళ గొంతులు, పిల్లల గొంతులు. అబ్బాకు "సలాం" అంటే ముందు స పోయింది, "అలాం" మిగిలింది. తర్వాత అమ్మీ గొంతు పోయింది. అజాన్ వినపడక మగ్రిబ్‌కు ఆకాశం చూసి లేచేవాడు. బొంగురు శబ్దాలు చాలా ఏళ్ళు మిగిలాయి. లారీ ఇంజను, మబ్బు ఉరుము, పీర్ల పండగ తప్పెట.

నాకు ఈ సంగీతం కువైట్ మీదుగా వచ్చింది. 1998లో కర్నూలులో డిగ్రీ చదివేటప్పుడు రూమ్మేట్ వాళ్ళ భాయ్‌జాన్ కువైట్ నుంచి సెంటు సీసాలతో పాటు కొన్ని క్యాసెట్లు తెచ్చాడు. అందులో బ్లాక్ సబ్బత్ పారనాయిడ్ ఒకటి. 1970 నాటిది. మొదటి పాట వియత్నాం యుద్ధ కాలానిది. గరీబు పిల్లల్ని చావడానికి పంపి తాము మేజాబల్లల వెనక కూర్చునే పెద్దల మీద అది. షైతాన్ పేరు ఉంది, ఉండేది ఆ పెద్దలకు తగిన సజా చూపడానికి. నాకు ఇంగ్లీషు అప్పుడు సగం సగమే, ఉర్దూ మీడియం వాణ్ణి కదా. పదాలు అందలేదు గానీ చప్పుడు ముందే తెలుసు. మా సందు చివర్న రోజూ విన్నదే. దానికి లయ కట్టి, ఆపాల్సిన చోట ఆపి, మళ్ళీ మొదలుపెట్టినవాడు ఒకడున్నాడని తెలిసి నాకు వెంట్రుకలు లేచి నిలబడ్డాయి.

ఇంకో సంగతి దూలాభాయ్ కోసం. ఆ నలుగురూ మెడలో వేసుకున్న శిలువలు ఆజీ వాళ్ళ నాన్న తాను పనిచేసే చోట అల్యూమినియంతో చేసిచ్చినవి. చెడు తగలకూడదని. మన అమ్మలు పిల్లల మెడలో తావీజ్ కట్టినట్టే. షైతాన్ గాళ్ళని పేరుపడ్డవాళ్ళు షైతాన్‌కు భయపడి తావీజ్ కట్టుకుని తిరిగారు.

నేను ఆల్బమ్‌ని తూచే తరాజు మాత్రం బర్మింగ్‌హామ్‌ది కాదు. మన ఊరు నవాబుల ఊరు, షియా నవాబులు. మేం సున్నీలం. అయినా మొహర్రంలో నౌహా చదివే చోటికి పిల్లలం పోయి గోడవారగా నిలబడేవాళ్ళం. ముందు మెల్లగా, తర్వాత తేజ్‌గా, వందల అరచేతులు ఒకేసారి ఛాతీ మీద పడితే ఆ దెబ్బ మా కడుపులో తగిలేది. బళ్ళో ఉర్దూ సార్ మీర్ అనీస్ మర్సియాలు చెప్పేవారు. ఆరేసి పాదాల ముసద్దస్‌లో నాలుగు పాదాలు కథను ఎక్కిస్తాయి, చివరి రెండూ గుండెలో దించుతాయి. అనీస్ దగ్గర కత్తి ఉంది, గుర్రం ఉంది, నెత్తురుంది. కానీ ప్రతి శవం పక్కన ఒక చెల్లెలో తల్లో కూతురో ఉంటుంది. నీళ్ళు అడిగే పసిబిడ్డ ఉంటుంది. తెలుగు డిగ్రీలోకి పోతే అక్కడా అదే. భవభూతికి రసమంటే కరుణమేనని మా లెక్చరర్ చెప్తే, ఈయన మొహర్రం చూసినట్టున్నాడే అనుకున్నా. మన పల్లెల్లో హరిశ్చంద్ర నాటకం ఆడేటప్పుడు జాషువా శ్మశానం పద్యాలు వచ్చేసరికి గోంగూర అమ్మే అవ్వ కూడా లేచి నిలబడుతుంది. చీకటి పాటలు మనకు కొత్తా?

కాబట్టి నేను చూసేది ఒక్కటే. ఆ పాటలో చచ్చినవాడి పక్కన ఏడ్చేవాళ్ళు ఎవరైనా ఉన్నారా? గమ్ ఉందా, ఒట్టి గుస్సానా?

ఈ తరాజులో స్లేయర్ వాళ్ళ రెయిన్ ఇన్ బ్లడ్ తేలిపోతుంది. 1986 నాటిది, పది పాటలు, మొత్తం ఇరవై తొమ్మిది నిమిషాలు. డేవ్ లొంబార్డో డ్రమ్స్‌కు సలాం చేస్తా, ఆ రియాజ్ ముందు ఎవరైనా తల వంచాల్సిందే. మొదటి పాట నాజీ క్యాంపులో మనుషుల మీద ప్రయోగాలు చేసిన డాక్టర్ గురించి. వాళ్ళు అతన్ని మెచ్చుకోలేదు, నిజమే. కానీ ఆ పాటలో శవాల లెక్క ఉంది, ఏడుపు లేదు. రెండుసార్లు విని పక్కన పెట్టాను. లోకమంతా దాన్ని సిర్‌తాజ్ అంటుంది, అననీ.

నార్వే బ్లాక్ మెటల్ అయితే మా ఇంటి గడప తొక్కదు. ఆ గుంపులో కొందరు 1992 మొదలుకుని వందల ఏళ్ళ చెక్క చర్చిలు తగలబెట్టారు. కాలిన చర్చి ఫొటో ఆల్బమ్ అట్ట మీద వేసుకున్నవాడూ ఉన్నాడు. సంగీతాన్ని వేరుగా చూడాలని బిడ్డ అంటుంది. 1992 డిసెంబరులో నేను బడిపిల్లాణ్ణి. ఇబాదత్‌గాహ్ కూలితే ఇళ్ళల్లో పొయ్యిలు ఎట్లా ఆరిపోతాయో నాకు తెలుసు. వేరుగా చూడలేను.

మెటాలికా మీద మా ఇద్దరికీ రోజూ జగడం. ఆమెకు 1991 నాటి నల్ల అట్ట ఆల్బమ్ ఇష్టం. నాకు అది వలీమా బిర్యానీ. అందరికీ నచ్చుతుంది, ఎవరి నాలుకా కాలదు. 1986 నాటి మాస్టర్ ఆఫ్ పపెట్స్ ఇంకా కాలుస్తుంది. మత్తుకు గులామైనవాడితో ఆ మత్తే యజమానిలా మాట్లాడే పాట అందులో ఉంది. మన ఊళ్ళల్లో సారా, మట్కా కొంపలు చూసినవాడికి దానికి తర్జుమా అక్కర్లేదు. అదే ఏడాది సెప్టెంబరు 27న స్వీడన్‌లో బస్సు బోల్తాపడి వాళ్ళ బేస్ గిటార్ వాయించే క్లిఫ్ బర్టన్ పోయాడు. తర్వాత 1988లో వచ్చిన ఆండ్ జస్టిస్ ఫర్ ఆల్‌లో కొత్తవాడు బేస్ వాయించాడు గానీ అది వినపడదు. మిక్సింగ్‌లో అంతగా తొక్కేశారు. ఎందుకని ముప్పై ఏళ్ళ పైగా అభిమానులు కొట్టుకుంటానే ఉన్నారు. ఆ ఆల్బమ్ సంగతి మళ్ళీ వస్తా.

చప్పుడు తక్కువ, చీకటి ఎక్కువ ఉన్న రకం, డార్క్ ఆల్టర్నేటివ్ అంటారు, అది నాకు బిడ్డ నేర్పింది. ద క్యూర్ వాళ్ళ డిసింటిగ్రేషన్, 1989. పాట మొదలై రెండు నిమిషాలైనా గొంతు రాదు. గజల్‌కు ముందు హార్మోనియం తిప్పుకుంటూ కూర్చున్నట్టు. వానాకాలం అసర్‌కు మగ్రిబ్‌కు మధ్య వింటే ఇంకేం అడగను. జాయ్ డివిజన్ వాళ్ళ క్లోజర్ మాత్రం నేను పక్కన ఉన్నప్పుడే వినమన్నాను. 1980 జులైలో ఆ ఆల్బమ్ వచ్చేనాటికి పాడిన ఇయాన్ కర్టిస్ లేడు. మేలో తన ప్రాణం తానే తీసుకున్నాడు, ఇరవై మూడేళ్ళకే. ఆ చావును పోస్టర్లు వేసి అందం చేసే జనం ఉన్నారు. వాడికి అప్పటికే మూర్ఛరోగం ఉంది, ఇంట్లో పసిబిడ్డ ఉంది. వాడి పక్కన ఎవరైనా కూర్చుని మాట్లాడి ఉండాల్సింది. ఇది బిడ్డకు చెప్పాను. ఇంటర్ పిల్లల హాస్టళ్ళ నుంచి ఎటువంటి వార్తలు మా డెస్కుకు వస్తాయో నాకు తెలుసు కాబట్టి ఇంకోసారి చెప్పాను. వినడం మాన్పించలేదు. పిల్లలు చీకటిని ఒంటరిగా హెడ్‌ఫోన్లలో పెట్టుకోవడం కంటే పక్కన బాప్ కూర్చుని ఉండడం మేలు.

ఆలిస్ ఇన్ చైన్స్ డర్ట్, 1992, నాకు అన్నింటికంటే దగ్గరిది. లేన్ స్టేలీ, జెర్రీ కాంట్రెల్ ఇద్దరి గొంతులూ ఒకదాని భుజం మీద ఒకటి చెయ్యేసి నడుస్తాయి. అందులో కాంట్రెల్ తన నాన్న గురించి రాసిన పాట ఉంది. వియత్నాంలో పోరాడి వచ్చి, ఇంట్లో ఆ మాటే ఎత్తని నాన్న. కొడుకు ఆ నాన్న గొంతుతో తానే మాట్లాడతాడు. మా అబ్బా కూడా ఆ ఇరవై ఆరేళ్ళ గురించి ఇంట్లో ఒక్కసారి మాట్లాడలేదు.

2011 అక్టోబరు 30న మెటాలికా బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌కు వస్తే ఆర్టీసీ బస్సెక్కి పోయాను. రెండు రోజుల ముందు ఢిల్లీ పక్కన జరగాల్సిన కచేరీ ఆగిపోయింది, ఇదీ జరగదేమోనని దారి పొడుగునా గుబులు. మైదానమంతా బురద. మగ్రిబ్ వేళకు ఒక మూల చోటు వెతుక్కుంటే ఇద్దరు మలయాళీ కుర్రాళ్ళు ముందే నిలబడి ఉన్నారు. వాళ్ళ నల్ల బనీన్ల మీద పుర్రెలు. బొమ్మతో నమాజ్ మక్రూహ్ అని బనీన్లు తిరగేసి తొడుక్కున్నారు, కుట్లు బయటికి కనపడతా ఉన్నాయి. నేనూ పక్కన నిలబడ్డాను. సలాం తిప్పాక మళ్ళీ పుర్రెలు బయటికొచ్చాయి, ముగ్గురం పరిగెత్తాం.

మొన్న జులై 5న ఆజీ తన ఊళ్ళోనే, విల్లా పార్క్ స్టేడియంలో ఆఖరిసారి పాడాడు. పార్కిన్సన్ జబ్బుతో నిలబడలేక కుర్చీలో కూర్చునే పాడాడు. మనకు అది షబే ఆషూరా. మా ఇంట్లో ఆ పది రోజులు పాటలు బంద్, అది అమ్మీ పెట్టిన ఖాయిదా, దాన్ని నేనూ బిడ్డా ఎప్పుడూ తప్పలేదు. ఆ రాత్రి నేను అబ్బాను తీసుకుని పీర్ల చావిడికి పోయాను. గుండంలో నిప్పులు, చుట్టూ తప్పెట్లు. రెడ్లు, బోయలు, మాదిగలు, మన తురకోళ్ళు, అందరూ ఒకే వలయంలో తిరుగుతున్నారు. అబ్బా చెప్పులు విప్పి వట్టి కాళ్ళతో నేల మీద నిలబడినాడు. ఎందుకు అబ్బా అని సైగ చేస్తే కాలి మడమ చూపించినాడు. తప్పెట అక్కడ వినపడుతుందట. బర్మింగ్‌హామ్ వీడియోలు మేం ఆషూరా దాటినాక చూశాం. పదిహేడు రోజులకు ఆజీ పోయాడు.

ఆయన పోయిన వారంలోనే ఒక సాయంత్రం బిడ్డ తన చిన్న స్పీకరు తెచ్చి దాదా ఒళ్ళో పెట్టింది. మాస్టర్ ఆఫ్ రియాలిటీ వేసింది. అబ్బా అరచేయి దాని మీద ఆనించి కళ్ళు మూసుకున్నాడు. పాట సగంలో నవ్వాడు. "ఏ తో అప్నీచ్ మిషన్ హై నా బేటా" అన్నాడు. ఇది మన మిషనే కదరా అని. తర్వాత చక్రం బండలోకి ఎట్లా దిగుతుంది, మెత్తటి రాయికి ఏ మోత, గట్టి రాయికి ఏ మోత, పగులున్న బండను కోయకముందే చప్పుడుతో ఎట్లా పసిగట్టేవాళ్ళు, ఇరవై నిమిషాలు చెప్పినాడు. ఇరవై ఆరేళ్ళలో రాని మాటలు. బిడ్డ ఫోనులో రికార్డు చేసుకుంది. తర్వాత ఆమే ఆండ్ జస్టిస్ ఫర్ ఆల్ వేసింది. అబ్బా కాసేపు పట్టుకుని చూసి, బంద్ అయిందనుకుని స్పీకరు తిరిగి ఇచ్చేశాడు. ఆ ఆల్బమ్ మీద నేను చదివిన సమీక్షలన్నిటికంటే ఇదే సరైంది.

అమ్మాయిలకు ఈ వాయిద్యాలు ఎందుకన్న మాటకు కూడా ఒక జవాబు ఉంది. ఇండోనేషియాలో గారుత్ అనే చోట, ఇస్లామీ బళ్ళో చదివిన ముగ్గురు అమ్మాయిలు 2014లో వాయిస్ ఆఫ్ బచెప్రాట్ అనే బ్యాండు పెట్టారు. వాళ్ళ సుండా భాషలో బచెప్రాట్ అంటే గోల. గిటార్ నేర్పింది ఆ బడి ఉస్తాదే. ముగ్గురూ హిజాబ్‌తోనే వాయిస్తారు. ఊళ్ళో తిట్లు తిన్నారు, బెదిరింపులు విన్నారు, 2024లో ఇంగ్లండ్ గ్లాస్టన్‌బరీ మేళాలో వాయించారు. ఆల్బమ్‌గా 2023 నాటి రెతాస్ ఇంకా కొంచెం పచ్చి, డ్రమ్స్ మాత్రం ఖతర్నాక్. మా బిడ్డ గోడ మీద ఉన్నది వాళ్ళ ఫొటో, పుర్రె కాదు. దూలాభాయ్ ఈసారి వచ్చినప్పుడు చూడొచ్చు.

గిటార్ ధరలు నంద్యాలలో కనుక్కున్నాను, హైదరాబాద్‌లో కనుక్కున్నాను. నేర్చుకునేవాళ్ళకు చవకది చాలు అంటారు అంగడివాళ్ళు. బిడ్డ మాత్రం ఒక్క షరతు పెట్టింది. రంగు ఏదైనా ఫర్వాలేదంట, కంపెనీ ఏదైనా ఫర్వాలేదంట, తీగలు బాగా వదులు చేసినా చప్పుడు చెడనిది కావాలంట. పై శ్రుతులు దాదాకు అందవు కదా అంది.